తోడేలుకు పులి నడక

జూన్ 12, గురువారం

శ్రావణి ఫోన్. "బాపూ, నన్నే తీసుకున్నరు."

ఆ తర్వాత ఏం చెప్పిందో నాకు తెలియదు. అప్పటికే వాకిట్లో ఉన్నాను, చెప్పులు లేకుండా. నా భార్య సరోజన ఫోను లాక్కుని మిగతాది విన్నది. నా బిడ్డ టీవీ సీరియల్లో హీరోయిన్. హైదరాబాదులో డిగ్రీ చదువుతూ కాలేజీలో నాటకాలు వేస్తుంటే ఎవరో చూశారట, పిలిచారట, మాట్లాడించారట... సీరియల్ పేరు 'పున్నమికి సెలవు'. కథేమో ఇంటర్ చదివే ఒక పిల్లది. పున్నమి వచ్చిందంటే తోడేలు అయిపోతుంది. నెలనెలా కాలేజీకి ఏం సాకు చెప్పాలో తెలియక వాళ్ల అమ్మమ్మ తల పట్టుకుంటుంది. భయపెట్టేది కాదు, నవ్వించేదే అని బిడ్డ మరీ మరీ చెప్పింది.

పెళ్లయిన ఎన్నో ఏళ్లకు పుట్టిన పిల్ల. దవాఖానలో నర్సమ్మ తెచ్చి నా చేతుల్లో పెట్టినప్పుడు కూడా చెప్పులు ఎక్కడ విడిచానో గుర్తు లేదు. ఈరోజు మళ్లీ అదే. దేవుడా, నా మీద ఇంత ప్రేమ ఎందుకయ్యా నీకు.

జూన్ 13, శుక్రవారం

పాలకని పోయినవాణ్ణి, ఇంటికి వచ్చేసరికి ఎండ ఎక్కింది. కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పాను. పక్కింటి రాజమల్లు బావ అంతా నిదానంగా విని, "మనిషి వేషం గూడ ఉన్నదా, మొత్తం తోడేలేనా?" అని అడిగాడు. రెండూ ఉన్నాయి బావా. రెండూ నా బిడ్డే.

జూన్ 17, మంగళవారం

ఈరోజు బిడ్డ గొంతులో ఆ ఊపు లేదు. సగం గండమే దాటిందట. పిల్ల వేషానికి బాగుంది అన్నారు. తోడేలు వేషం ఇంకా ఒప్పుకోలేదు. కంప్యూటరు బొమ్మలు చేయించే స్తోమత వాళ్లకు లేదు. బొచ్చు తొడిగి, కోరలు పెట్టి ఆ పిల్లే నడవాలి. చానల్ పెద్దమనిషి జూలైలో వచ్చి నడక చూస్తాడు. నచ్చకపోతే రెండు వేషాలూ వేరే అమ్మాయికి పోతాయి. ఆ అమ్మాయి చిన్నప్పటి నుంచి డాన్సు నేర్చుకున్నదట.

"ఇంటికి వస్త బాపూ. ఈడ గదిల నడిస్తే అందరు నవ్వుతున్నరు."

రా తల్లీ. ఇక్కడ ఎవడు నవ్వుతాడో చూస్తాను.

జూన్ 20, శుక్రవారం

వచ్చింది. చిక్కిపోయింది. రాగానే అన్నం తిని, వాకిట్లో నాలుగు కాళ్ల మీద నడిచి చూపించింది. నేను చప్పట్లు కొట్టాను. సరోజన చూసి, "తప్పిపోయిన బర్రె దూడ లెక్కున్నవు బిడ్డా" అన్నది. నాకు కోపం వచ్చింది గానీ... దూడలాగే ఉంది.

అసలు తోడేలును మేం ఎవరం చూశాం? కాలనీ అంతా అడిగాను. కమాన్‌పూర్ దగ్గర ఓపెన్‌కాస్టు బొగ్గు గని మట్టి గుట్టల మీద రాజమల్లు బావ ఒకటి చూశాడట. ఆశగా పోయాను. ఎట్ల నడిచింది బావా అంటే — "అది నడువలే. నేను ఉరికిన."

జూన్ 21, శనివారం

తెల్లవారక ముందే మెలకువ. ఒకటే ఆలోచన. నేను పులిని కాదా?

పీరీల పండుగకు, మొహర్రం రోజుల్లో, ఒళ్లంతా పసుపు రంగు, నల్ల చారలు పూసుకుని అలావ నిప్పుల గుండం చుట్టూ ఎన్నేళ్లు ఆడాను... డప్పు మోగితే డ్యూటీ దిగిన అలసట ఎటు పోయేదో. మడిమె నేలకు ఆననివ్వకుండా మునివేళ్ల మీద నడక. నడుం కిందికి. రెండడుగులు వేసి, ఆగి, భుజం మీదుగా వెనక్కి ఒక చూపు. ఆ చూపుకు పిల్లలు కేకలు పెట్టి అమ్మల కొంగుల్లో దూరేవాళ్లు. పులికీ తోడేలుకూ ఎంత తేడా ఉంటుంది? రెండూ అడవివే. రెండింటికీ కోరలే.

సరోజన ఒప్పుకోలేదు. ఆడపిల్లకు పులి వేషం ఏందయ్యా, ఎక్కడన్న ఉన్నదా అని పొద్దంతా గిన్నెలతో చెప్పింది. శ్రావణి మాత్రం లేచి నిలబడి చున్నీ నడుముకు చుట్టుకుంది.

జూన్ 22, ఆదివారం

నా అంతట నేను నేర్పకూడదు. ఆ అడుగులు నావి కావు, ఖాజా అన్నవి. ఇద్దరం ఒకే షిఫ్టులో బొగ్గు బాయి దిగేవాళ్లం. పండుగకు ఆయన ఉస్తాదు, మేమందరం పులులం. ఉస్తాదు మాట లేకుండా అడుగు ఇంకొకరికి ఇవ్వకూడదు. ఎవరికీ ఇవ్వలేదు నేను, ఇన్నేళ్లలో.

బిడ్డను తీసుకుని పోయాను. వరండాలో కూర్చుని ఉల్లిపాయలు కోస్తున్నాడు. అంతా విన్నాడు. ఆడపిల్ల అన్న మాటే ఎత్తలేదు. తోడేలు అన్న మాటకే నొసలు ముడిపడింది.

"తోడేలుకు తోక పైకి ఉంటదా, కిందికా?"

మాకు తెలియదు అన్నాం. ఉల్లిపాయ పక్కన పెట్టి రెండు మాటలు చెప్పాడు. రోజూ తన ముందే నేర్చుకోవాలి. రెండోది — "ముందుగాల అలావ ముంగట ఆడాలె. గాడ ఆడకుంట టీవీల ఆడేది లేదు."

మా రివాజే అది. కొత్త పులి ఎవరైనా ముందు పీర్ల ముందు, ఊరందరి ముందు అడుగు వేయాలి. ఆ తర్వాతే బయట. శ్రావణి నా వైపు చూసింది. ఊరందరి ముందా అన్నట్టు... సరేనన్నది.

జూన్ 25, బుధవారం

ఖాజా అన్న ఖాళీ నూనె డబ్బా బోర్లించి కట్టెతో కొడతాడు. పిల్ల ముఖం చూడడు. పాదాలనే చూస్తాడు. మడిమె ఆనిందా, డబ్బా ఆగిపోతుంది. మళ్లీ మొదటి నుంచి. సాయంత్రానికి బిడ్డ పిక్కలు రాళ్లలా గట్టిపడ్డాయి. సరోజన ఆముదం వేడి చేసి తెచ్చి రుద్దింది. పులి వేషం అంటే పడదు గానీ పులి కాళ్లకు నూనె రాస్తుంది.

జూన్ 28, శనివారం

ఈరోజు జరిగింది రాయకపోతే నిద్ర పట్టదు.

మధ్యాహ్నం. డబ్బా మోగుతోంది. శ్రావణి అడుగు ఎత్తింది — అంతలో ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్. ఎప్పటిలాగే ఇల్లు అదిరింది, గూట్లో గ్లాసులు గలగల, ఖాజా అన్న చేతిలో కట్టె ఆగింది. డబ్బా ఆగితే పులి ఆగాలి. అది మొదటి పాఠం. నా బిడ్డ ఆగింది. ఒంటి కాలు మీద, ఇంకో కాలు గాలిలో, భుజం మీదుగా వెనక్కి చూస్తూ... కప్పు నుంచి సున్నం రాలి జుట్టు మీద పడింది. రెప్ప వేయలేదు. గోడలు ఊగుతున్నాయి, పిల్ల ఊగలేదు.

దుమ్ము సర్దుకున్నాక ఖాజా అన్న మొదటిసారి తలెత్తి ముఖం చూశాడు. "పోశం, నువ్వు గిట్ల ఎన్నడు ఆగలే" అన్నాడు.

నిజమే. నేను ఎన్నడూ ఆగలేదు. నా జీవితంలో ఎవరూ నన్ను ఇంత గొప్పగా తక్కువ చేయలేదు.

జూలై 6, ఆదివారం

అలావ దగ్గర అడుగు వేసింది. ఆడింది. గెలిచింది.

వరుసగా రాస్తాను. పీర్లు లేచాయి. డప్పులు. ఎండ. జనం. రంగు పూసుకున్న పిల్లలు ముందు ఆడారు. ఆ తర్వాత ఖాజా అన్న చేయి ఎత్తాడు. శ్రావణి మామూలు చుడీదార్‌లోనే వచ్చింది, చున్నీ నడుముకు, నా తువ్వాలు తోకగా. జడ బిగించి అల్లింది ఎవరనుకున్నావు? సరోజనే. ఎవరూ చూడకుండా ఇంట్లోనే నొసటన ముద్దు కూడా పెట్టింది.

మొదట గుసగుసలు. ఎవరో వెనక నుంచి పోశం బిడ్డకు పెండ్లి చేయరా ఇంక అన్నారు. నవ్వులు. నా చెవులు మండాయి. బిడ్డ వినలేదో, విన్నదో... రెండడుగులు వేసింది. ఆగింది. భుజం మీదుగా ఆ నవ్విన వైపే చూసింది.

నవ్వు ఆగిపోయింది. చిన్నపిల్ల ఒకతి కెవ్వుమని వాళ్ల అమ్మ కొంగులో దూరింది. ఇంక డప్పులు ఎక్కడా ఆగలేదు. పులి ఆటకు ఆఖరి పరీక్షగా నేల మీద పెట్టే నిమ్మకాయను వంగి పళ్లతో అందుకుంది. రాజమల్లు బావ ఈల వేశాడు. ఆ వయసులో ఈల. ఖాజా అన్న వచ్చి చిటికెడు ఊదు బూడిద తీసి పిల్ల నొసట పెట్టి, "జా బేటీ. ఇగ యాడన్న ఆడు" అన్నాడు.

నేను ఏడ్చాను. అందరూ చూశారు. చూడనీ.

జూలై 8, మంగళవారం

బస్సెక్కింది. కిటికీలోంచి చేయి ఊపలేదు. భుజం మీదుగా వెనక్కి చూసింది.

జూలై 10, గురువారం

పున్నమి. మంచి రోజని చూసి ఈరోజే పరీక్ష పెట్టారట. పొద్దున బిడ్డ ఫోను చేసి ఇద్దరి ఆశీర్వాదం తీసుకుంది. నేను నిశ్చింతగా టీవీ పెట్టుకుని కూర్చున్నాను. జంతువుల చానల్... తోడేళ్లు.

లేచి టీవీ దగ్గరికి పోయాను.

తోడేలు అలా నడవదు. అసలు అలా నడవనే నడవదు. తల వంచుకుని, ఎటూ చూడకుండా, డ్యూటీకి ఆలస్యమైన మనిషిలా తిన్నగా పోతుంది. నడుం ఊపదు. ఆగి భుజం మీదుగా చూడదు. తోక కిందికే ఉంది. మేం పైకి ఎత్తించాం. ఖాజా అన్నా, నేనూ, అలావ ముందు నిలబడ్డ ఇంత ఊరూ — ఒక్కరికీ రాలేదే ఈ అనుమానం. పులి అడుగు చక్కగా పడిందా లేదా అని చూశామే గానీ, ఇది పులి కదా అని ఎవరమూ అనలేదు.

ఫోను చేశాను. స్విచ్ ఆఫ్. అప్పటికే లోపలికి పోయి ఉంటుంది. ఆ డాన్సు పిల్ల తోడేలును చూసి నేర్చుకునే ఉంటుంది. చేతులారా నేనే నా బిడ్డ నోటి ముందు కూడు...

ఖాజా అన్న దగ్గరికి పోయి చెప్పాను. "తోక కిందికా?" అన్నాడు.

జూలై 11, శుక్రవారం

ఫోను లేదు. సరోజన రెండు పూటలా అన్నం వండింది. ఎవరమూ ముట్టలేదు. ఆ అన్నం కుక్కకు పెడుతూ దాని నడక చూస్తూ నిలబడ్డాను.

జూలై 12, శనివారం

గెలిచింది. గెలిచింది నా తల్లి, గెలిచింది.

ఎలా గెలిచిందో వరుసగా రాస్తాను. చానల్ పెద్దమనిషి ముందు డాన్సు పిల్లను చూశాడట. అచ్చం తోడేలేనట. బాగుంది అన్నాడట. ఆ తర్వాత మా పిల్ల. రెండడుగులు, ఆగడం, చూడడం... ఆయన చేయి అడ్డం పెట్టి అడిగాడట, ఇది ఏం జంతువమ్మా అని. డైరెక్టరు తల వంచుకున్నాడట. మా పిల్లకూ అప్పుడే అర్థమైందట, బాపు నాకు పులిని నేర్పాడని.

"మరి ఏం చేసినవు బిడ్డా?"

"ఏం చేస్త బాపూ. ఆయన చెయ్యి పెట్టంగనే ఆగిన. డబ్బా ఆగితే ఆగుడే గద."

ఒంటి కాలు మీద ఆగిందట. ఆ నిశ్శబ్దంలో వెనకాల ఏదో చప్పుడు. సీరియల్లో వేసే పిల్లలు, లైట్లు పట్టేవాళ్లు, చాయ్ ఇచ్చే ఆమె — అందరూ వరుసగా మా పిల్ల వెనక మునివేళ్ల మీద, భుజం మీదుగా చూస్తూ, ఆగి ఉన్నారట. ఎవరూ చెప్పలేదు. చూస్తూ చూస్తూ కాళ్లు వాటంతటవే లేచాయట. పెద్దమనిషి ముందు నవ్వాడట, తర్వాత నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నాడట. రేపు రాష్ట్రంలో పిల్లలందరూ ఇట్లే నడుస్తారు, ఈ పిల్లనే పెట్టండి అన్నాడట. మొన్న రాత్రి నుంచి ఏవో సంతకాలు, కొలతలు, అందుకే ఫోను లేదు.

తప్పు నేర్పాను తల్లీ అన్నాను. నేర్పు బాపూ, ఇంకా నేర్పు అన్నది.

ఖాజా అన్నకు చెబితే గడ్డం నిమురుకున్నాడు. తోడేలుది తప్పు నడక అని తేల్చేశాడు.

ఆగస్టు 24, ఆదివారం

మొదటి భాగం వచ్చింది. మా ఇల్లు చాలలేదు. టీవీని వాకిట్లోకి తెచ్చి, కొయ్య పెట్టె మీద పెట్టి, పైన దుప్పటి కట్టాం ఎండ పడకుండా. రాత్రి డ్యూటీ దిగిన వాళ్లు స్నానాలు కూడా చేయకుండా వచ్చారు. రాజమల్లు బావ అందరికన్నా ముందు వచ్చి నాకు కుర్చీ లేకుండా చేశాడు.

నా బిడ్డ పేరు పడింది. పెద్ద అక్షరాలు. కళ్లద్దాలు లేకుండానే చదివాను.

కథ బొగ్గు ఊళ్లోనే పెట్టారు. అది మా పిల్ల ఇచ్చిన సలహానట. తోడేలు తెల్లవారి అడవి నుంచి భయపడుతూ ఇంటికి వస్తుంటే ఎదురుగా డ్యూటీ దిగినవాళ్లు. ఆమె ముఖం నల్లగా. వాళ్ల ముఖాలూ నల్లగా. ఒకాయన సైకిల్ దిగి, "ఏ బాయి తమ్మీ?" అని అడుగుతాడు. మా వాకిలి మొత్తం విరగబడింది. అక్కడ బొగ్గు మసితో కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మరీ నవ్వారు.

సరోజన నవ్వలేదు. కళ్లు టీవీకి అంటుకుపోయాయి. చివరికి ఒక్క మాట — కోరలు మంచిగనే పెట్టిండ్రు, రోజు పండ్లు తోముకుంటున్నదో లేదో.

ఖాజా అన్నకు మాత్రం కోపం. "మొకమే చూపెడుతున్నరు. కాళ్లు చూపియ్యరేంది?" అని కెమెరావాణ్ణి తిట్టాడు. సరిగ్గా అప్పుడే కాళ్లు చూపించారు. ఆయన లేచి నిలబడ్డాడు. సీరియల్ అయిపోయే వరకూ కూర్చోలేదు.

ఆగస్టు 26, మంగళవారం

కాలనీ రోడ్డు మీద బడికి పోయే పిల్లలు. రెండడుగులు... ఆగి... భుజం మీదుగా. ఒకళ్ల వెనక ఒకళ్లు. బస్సు హారన్ కొడుతోంది. ఒక్కరూ మడిమె ఆనించడం లేదు. సంతోషంతో మనుషులు పోతారంటే నమ్మేవాణ్ణి కాదు.

సెప్టెంబరు 3, బుధవారం

శ్రీరాంపూర్ నుంచి మేనకోడలు ఫోను. అక్కడా అదే నడకట. టీచరమ్మ కూడా నడిచిందట.

సెప్టెంబరు 11, గురువారం

బిడ్డ ఫోను. మళ్లీ ఆ ఊపు లేని గొంతు. భయపడ్డాను.

సీరియల్ బాగా ఆడుతోంది కదా, చానల్ వాళ్లు ఇప్పుడు ఖర్చు పెడతారట. తోడేలును కంప్యూటరులో చేయిస్తారట. నిజం తోడేలులా ఉంటుంది, తల వంచుకుని తిన్నగా పోతుంది. మా పిల్లకు మనిషి వేషం ఉంటుంది, పైసలూ పెంచుతారట, కష్టమూ తగ్గుతుంది. బొచ్చు వేసుకుని చెమటలో ఉడకనక్కర్లేదు. మంచిదే కదా అనబోయాను.

"వద్దన్న బాపూ" అన్నది. "కాళ్లు నావి కాకుంటె తోడేలు నాది కాదు. గట్లయితే రెండు వద్దు, ఇంకొకలను పెట్టుకోండ్రి అన్న."

ఆలోచించి సోమవారం చెబుతాం అన్నారట.

నా బిడ్డ నన్ను ఏం చేయమంటావని అడగలేదు. చేసింది చెప్పింది.

సెప్టెంబరు 12, శుక్రవారం

సరోజన నాతో పోట్లాడింది. పిల్లకు నువ్వన్నా చెప్పు, ఇంత దూరం వచ్చినంక కాళ్ల కోసం పోగొట్టుకుంటదా అని. చెప్పాలనే ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఆ గొంతు గుర్తొచ్చింది. కప్పు మీది సున్నం రాలుతున్నా కదలని పిల్ల... దానికి నేనేం చెబుతాను. ఫోను పక్కన పెట్టాను.

ఖాజా అన్నకు చెబితే ఆయన అడిగింది ఒక్కటే. "ఆ కంప్యూటర్ల తోడేలుకు ఉస్తాద్ ఎవలు?"

సెప్టెంబరు 14, ఆదివారం

ఈరోజు భాగం కూడా చూశాం. వాకిలి నిండా జనం. ఎవరికీ చెప్పలేదు. నవ్వారు, ఈలలు వేశారు, పిల్లలు టీవీ ముందే నడిచారు. ఇది చివరిది కావచ్చు. కాకపోవచ్చు.

రేపు సోమవారం. స్వీట్ల దుకాణంలో బాదుషాలు చెప్పి వచ్చాను, కాలనీ అంతటికీ సరిపోయేట్టు. సరోజన అడిగింది — ఉంచుకుంటే పంచుతవు సరే, తీసేస్తే?

తీసేసినా పంచుతాను అన్నాను. దేనికని అడిగింది.

నన్ను అడగకుండా బిడ్డ తన అడుగు తానే నిలబెట్టుకున్నందుకు అన్నాను. రేపు పొద్దున గిన్నె తీసుకుని గడప దిగుతాను, మొదటి ఇల్లు రాజమల్లు బావది, బావ అడగకుండా ఉండడు, ఆయనకూ అదే చెబుతాను...